ముందు ముస్తాబు, తర్వాత కొలత

పెళ్ళికూతురి బుగ్గ మీది మొటిమ తీసెయ్యడానికి నాకు నాలుగు సెకన్లు పడుతుంది. పెళ్ళికొడుకు పొట్ట లోపలికి నొక్కడానికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఎందుకంటే పొట్టతో పాటు పక్కన నిలబడ్డ మేనమామ చెయ్యి కూడా వంకరపోతుంది, దాన్ని మళ్ళీ సరిచెయ్యాలి. పదకొండేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో ఇదే నా ఉద్యోగం. మెట్రో లైను కింద, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య మా బోర్డు ఎక్కడుందో మాకే వెతుక్కోవలసి వస్తుంది. ముందు గదిలో జిరాక్సు, స్పైరల్ బైండింగు. వెనక గదిలో నేనూ, నా కంప్యూటరూ, సగమే తిరిగే ఒక ఫ్యానూ.

నా పనికి ఒక వరస ఉంది. ఎవరూ నేర్పలేదు, చేతికి అదే అలవాటైంది. ఫోటో తెరిచానంటే ముందు మచ్చలు తీస్తాను, తర్వాత వెలుగు సరిచేస్తాను, కాస్త నీడ పెట్టి మొహం ఉబ్బెత్తుగా కనిపించేలా చేస్తాను. అదంతా అయ్యాకే ఆల్బం పేజీకి ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని కొలుచుకుంటాను. ముందు ముస్తాబు, తర్వాత కొలత. పెళ్ళి ఫోటోల్లో ఈ వరస ఎప్పుడూ నన్ను మోసం చెయ్యలేదు. అందువల్ల నా మీద నాకు బోలెడంత నమ్మకం ఉండేది. ఎవరైనా నా పనికి వంక పెడితే ఆ రోజంతా మొహం మాడ్చుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడూ పెద్దగా మారలేదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మాకు చేతినిండా పని ఉండదు. అలాంటి ఒక ఆషాఢంలోనే మేడం వచ్చారు. వయసు నలభై ఎనిమిదో, యాభైయో. నూలు చీర, భుజానికి గుడ్డ సంచీ, సంచీ పట్టీకి దారంతో కట్టిన పెన్‌డ్రైవ్. హయత్‌నగర్ అవతల ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతారట. సొంతూరు నల్గొండ దగ్గర పల్లె. మా స్టూడియో యజమానిని నేను అన్న అంటాను, ఆయనదీ ఆ పక్కే కావడంతో ఇద్దరూ ఐదు నిమిషాలు ఊళ్ళ పేర్లు చెప్పుకుని, చివరికి ఏదో వరస కలుపుకుని, అప్పుడు నన్ను పిలిచారు.

"చెల్లె, మేడం పి.హెచ్‌.డి. చేస్తున్నరంట. మైక్రోస్కోపు ఫోటోలున్నయ్. గిది నీతోని అయితదా?" అన్నాడు అన్న.

నాతో అవదు అనే మాట నా నోట్లోంచి ఎప్పుడైనా వచ్చిందా? "ఎందుకవదూ" అన్నాను, ఫోటోలు చూడకుండానే.

మేడం పరిశోధన వినడానికి ఎంతో తేలిక. ఎల్‌.బి.నగర్ నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డుకి మధ్యలో డివైడర్ మీద గన్నేరు చెట్లు ఉంటాయి. ఎల్‌.బి.నగర్ దగ్గర పొగ ఎక్కువ, హయత్‌నగర్‌లో కొంచెం తక్కువ, అబ్దుల్లాపూర్‌మెట్ దాటితే ఇంకా తక్కువ. ఈ మూడు చోట్ల పూలు కోసి, వాటి పుప్పొడి రేణువుల్ని మైక్రోస్కోపు కింద ఫోటోలు తీసి, వాహనాల పొగ వల్ల ఆ రేణువులకి ఏమైనా అవుతోందా అని చూడాలి. ఎనిమిదేళ్ళ కింద మొదలుపెట్టారు. మధ్యలో కాలేజీ పరీక్షలు, ఇన్విజిలేషన్లు, ఇంట్లో అత్తగారి ఆపరేషను. యూనివర్సిటీవాళ్ళు గడువు పొడిగించి పొడిగించి, ఇక ఇదే ఆఖరు అని కాగితం చేతిలో పెట్టారు. ఆ గడువు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఎనిమిదేళ్ళూ బూడిదే.

డివైడర్ మీద పూలు కొయ్యడం గురించి ఆమె చెబుతుంటే నవ్వి నవ్వి నాకు పొట్ట నొచ్చింది. పొద్దున్నే బస్సు దిగి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, లారీల మధ్యలోంచి డివైడర్ ఎక్కేవారట. ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, "పూజకా అమ్మా? గుడి కాడ మస్తు దొరుకుతయి గద, గీడ ఎందుకు సచ్చుడు?" అన్నాడట. "పూజకు కాదు నాయినా, చదువుకు" అంటే అతను ఆమెని ఎగాదిగా చూసి, "జర పైలం" అని చెప్పి, తనే చెయ్యెత్తి బళ్ళు ఆపి రోడ్డు దాటించాడట.

ఫోటోలు మాత్రం ఘోరంగా ఉన్నాయి. కాలేజీ మైక్రోస్కోపు పాతది. అబ్దుల్లాపూర్‌మెట్ పూల రేణువులు కాస్త స్పష్టంగా, గుండ్రంగా కనిపిస్తున్నాయి. ఎల్‌.బి.నగర్‌వి మసి పట్టిన గాజులోంచి చూసినట్టు మసకగా ఉన్నాయి. హయత్‌నగర్‌వి సగం అలా, సగం ఇలా.

"మంచిగ కనిపిస్తలేవమ్మా. మా గైడు సార్ తిడుతున్నడు. నాకేమో కంప్యూటర్ ముందట కూసుంటె పరేషాన్ అయితది. నువ్వు గవి జర సాఫ్ చేసి, ఒక్కొక్కటి ఎంత ఉన్నదో కొలిచి, గీత పెట్టి రాసియ్యాలె. మొత్తం రెండు వందల పది" అన్నారు మేడం.

కొలవడానికి మామూలు ఫోటోల సాఫ్ట్‌వేర్ పనికిరాదు. మైక్రోస్కోపు కెమెరాతో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. దాన్ని ఎక్కించుకుని రెండు రోజులు దాంతో కుస్తీ పట్టాను. చాలా ముచ్చటైన వస్తువు. ముందుగా దానికి కొలత నేర్పాలి. ఒక గాజు పలక మీద చెక్కిన బుల్లి స్కేలు ఉంటుంది, ఒక్క మిల్లీమీటరుని వంద భాగాలు చేస్తారట. ఆ స్కేలుని అదే మైక్రోస్కోపు కింద పెట్టి ఫోటో తీస్తారు. ఆ ఫోటో తెరిచి, పది గళ్ళ మీద ఒక గీత గీసి, ఇదిగో ఇది వంద మైక్రాన్లు అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. ఇక అక్కడి నుంచి ఏ ఫోటోలో ఏ గీత గీసినా దాని పక్కనే అంకె వచ్చి కూర్చుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు అని మేడం నాకు చెప్పారు. ఒక స్లైడు మీద ఒక వెంట్రుక పడి ఉంటే దాన్ని కూడా కొలిచాను, డెబ్బై రెండు వచ్చింది. అది మేడం వెంట్రుకే, హెన్నా రంగు తెలిసిపోతోంది. ఆ వారం రోజులూ ఇంట్లో అన్నం మెతుకు చూసినా ఇదెన్ని మైక్రాన్లు అని ఆలోచించాను.

ఆ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకో సంగతి. ఖరీదైన మైక్రోస్కోపుల్లో వెలుగుని రకరకాలుగా పంపిస్తారట, వెనక అంతా చీకటి చేసి వస్తువు ఒక్కటే మెరిసేలా, లేదా ఒక పక్క నుంచే వెలుగు పడేలా. ఆ మైక్రోస్కోపు లేనివాళ్ళ కోసం ఆ వెలుగుని సాఫ్ట్‌వేర్ నటిస్తుంది. పక్క వెలుగు బటన్ నొక్కానంటే చప్పగా పడి ఉన్న రేణువు ఒక్కసారిగా ఉబ్బి, అప్పుడే వేయించిన బూందీలా పైకి లేస్తుంది. ఎడమ అంచున తెల్లని మెరుపు, కుడి అంచున నల్లని నీడ. వెలుగు ఏ దిక్కు నుంచి రావాలో కూడా నా ఇష్టమే. పెళ్ళికూతురి ముక్కుకి పదకొండేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే కదా. నాకు మహా ఉత్సాహం వచ్చేసింది.

మసకగా ఉన్న ప్రతి ఫోటోకీ పక్క వెలుగు వేశాను. ఎల్‌.బి.నగర్‌వి అన్నీ మసకే కాబట్టి అన్నిటికీ. హయత్‌నగర్‌వి సగానికి. అబ్దుల్లాపూర్‌మెట్‌వి ఎలాగూ బాగున్నాయని వాటిని అలాగే వదిలేశాను. అందంగా ఉన్న పిల్లకి పౌడరెందుకు? అలా ముస్తాబులన్నీ పూర్తిచేసి, అప్పుడు ఒక్కొక్క రేణువుకీ ఈ అంచు నుంచి ఆ అంచుకి గీత గీసి, అంకె రాసి, వరసగా పట్టికలో ఎక్కించాను.

పట్టిక చూసి మేడం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

అబ్దుల్లాపూర్‌మెట్ రేణువు సగటున ముప్పై ఎనిమిది మైక్రాన్లు. హయత్‌నగర్‌ది ముప్పై తొమ్మిదిన్నర. ఎల్‌.బి.నగర్‌ది నలభై ఒకటి. మెట్లు కట్టినట్టు. పొగ పెరిగేకొద్దీ రేణువు ఉబ్బుతోంది. మేడం ఆ కాగితం పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళి, జిరాక్సు కోసం వచ్చిన పిల్లలకీ, అన్నకీ కలిపి పావుగంట పాఠం చెప్పారు. గైడు సార్‌కి ఫోన్ చేస్తే ఆయన ఎనిమిదేళ్ళలో మొదటిసారి శభాష్ అన్నారట. నాకు స్వీట్లు తెచ్చిపెట్టారు. "గిన్ని రోజులు నాకు కనవడలేదు, నీకు కనవడ్డది చూడు" అన్నారు. నేనూ కాదనలేదు. నా కన్ను అలాంటిదే అనుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె ఆ మెట్ల మీదే చివరి అధ్యాయం మొత్తం కట్టారు. రేణువు ఎందుకు ఉబ్బుతుంది, ఉబ్బితే గింజ కట్టడం మీద దాని ప్రభావమేమిటి, ముందు ముందు నగరాల్లో చెట్లు ఏమవుతాయి. రోజూ కాలేజీ అయ్యాక వచ్చి మా దగ్గరే టైపు చేయించేవారు. బుధవారం యూనివర్సిటీలో ఇవ్వాలి. అంటే సోమవారం బైండింగుకి వెళ్ళాలి.

శుక్రవారం మధ్యాహ్నం నేను కవర్ పేజీ చేస్తున్నాను. రెండు రేణువులు పక్కపక్కనే పెడదామన్నారు మేడం, ఒకటి ఎల్‌.బి.నగర్‌ది, ఒకటి అబ్దుల్లాపూర్‌మెట్‌ది. పెట్టి చూస్తే జోడీ కుదరలేదు. ఒకటి బూందీలా ఉబ్బెత్తుగా ఉంది, ఇంకోటి అప్పడంలా చదునుగా ఉంది. సరేనని రెండోదానికి కూడా పక్క వెలుగు వేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. చేతి అలవాటు కొద్దీ దాని మీద ఒక గీత కూడా గీశాను, కవర్ మీద అంకె ఉంటే బాగుంటుందని.

నలభై ఒకటి వచ్చింది.

పట్టికలో చూశాను. అదే రేణువు, అదే ఫోటో, ముప్పై ఎనిమిది. ఎక్కడో పొరపాటు పడ్డానని మళ్ళీ గీశాను. మళ్ళీ నలభై ఒకటే. పక్క వెలుగు తీసేసి గీశాను. ముప్పై ఎనిమిది. అబ్దుల్లాపూర్‌మెట్ పువ్వు నా కళ్ళ ముందే ఒక్క నొక్కుతో ఎల్‌.బి.నగర్‌కి వచ్చేసింది. ఎడమ అంచున ఉన్న మెరుపూ, కుడి అంచున ఉన్న నీడా రేణువువి కావు. సాఫ్ట్‌వేర్ పూసిన రంగు అది. నేను ఆ రంగు అంచు నుంచి ఈ రంగు అంచు దాకా కొలిచి పెట్టాను. ముస్తాబు చేసినవన్నీ మూడు మైక్రాన్లు లావయ్యాయి, చెయ్యనివి అలాగే ఉన్నాయి. సగం చేసిన హయత్‌నగర్ సరిగ్గా మధ్యలోకి వచ్చి నిలబడింది. ఆ మెట్లు పొగ కట్టినవి కావు, నేను కట్టినవి.

టిఫిన్ డబ్బాలో అన్నం అలాగే ఉండిపోయింది. లేచి వెళ్ళి అన్నకి చెప్పాను. ఆయన జిరాక్సు మిషన్ మూత తెరిచి లోపల చిక్కుకున్న కాగితం లాగుతున్నాడు. నేను చెప్పిందంతా విని, కాగితం బయటికి తీసి, ఉండ చుట్టి బుట్టలో వేశాడు.

"చెల్లె, మనం ఫోటోలు చేసెటోళ్ళం. లెక్క ఆమెది, చదువు ఆమెది. సోమవారం బైండింగ్ పెట్టుకుని గిప్పుడు గిట్ల చెప్తే ఆమె గుండె ఆగిపోతది. ఎవడు చూస్తడు గా మూడు మైక్రాన్లు? సప్పుడు చెయ్యకు" అన్నాడు.

చెడ్డ మనిషి కాదు అన్న. ఆమె మీద జాలితోనే అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ మాట తియ్యగా వినిపించింది. ఎవడు చూస్తాడు? మా ఆల్బంలలో పెళ్ళికూతుళ్ళ నడుములు నేనెన్ని అంగుళాలు తగ్గించానో ఇవాళ్టి దాకా ఎవరూ అడగలేదు. ఇంటికి వెళ్ళాను. అమ్మతో ఏదో చిన్న విషయానికి గొడవ పెట్టుకున్నాను. చెప్పాలా వద్దా అన్నది కాదు నన్ను తిన్నది. చెబితే నా పని తప్పని ఒప్పుకోవాలి, అదీ నా కన్నుని అంతగా మెచ్చుకున్న మనిషి దగ్గర. అది నాకు చావులా అనిపించింది.

శనివారం పొద్దున మేడం ఆఖరి పేజీలు పట్టుకొచ్చారు. అందులో కృతజ్ఞతల పేజీ ఉంది. గైడు, భర్త, కాలేజీవాళ్ళు, వీళ్ళందరి తర్వాత, 'ఈ కొలతలు తీసిన దిల్‌సుఖ్‌నగర్ చెల్లెలికి, ఆమె ఓపికకి' అని ఉంది. నాకు ఓపిక లేదని మా ఇంట్లో గోడలకి కూడా తెలుసు. ఆ పేజీ టైపు చెయ్యడానికి కూర్చుని, 'చెల్లెలికి' అనే మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"మేడం, మీరు కూర్చోండి. నేను మీకొకటి చూపించాలి" అన్నాను.

మాటల్లో చెప్పే ధైర్యం లేక చేసి చూపించాను. అబ్దుల్లాపూర్‌మెట్ రేణువు తెరిచాను. కొలిచాను. వెలుగు వేశాను. మళ్ళీ కొలిచాను. మేడం మొదట నవ్వుతూ చూశారు. రెండోది చూపించేసరికి నవ్వు ఆగింది. మూడోది తెరవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎల్‌.బి.నగర్‌వి అన్నిటికి గిదే ఏసినవా?"

"అన్నిటికీ వేశాను మేడం. తప్పు నాదే. ముందు కొలవాల్సింది, నేను ముందు ముస్తాబు చేశాను."

తిడతారేమో అని చూశాను, తిడితే బాగుండేది. సంచీలోంచి నీళ్ళ సీసా తీసి తాగి, మూత మెల్లగా బిగించారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. "అంటే ఏం లేదా? తేడా ఏం లేదా?" అన్నారు. అది నన్ను అడిగినట్టు లేదు. తర్వాత, "తప్పు నాది సుత ఉన్నది. నా ఫోటోలు నేను కొలుచుకోవద్దా? నీకిచ్చి నేను కూసున్న" అన్నారు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. నా తప్పులో వాటా పంచుకోమని ఆమెని ఎవరడిగారు?

"గిప్పుడు ఒరిజినల్స్ ఉన్నయా?" అన్నారు.

"ఉన్నాయి. ఒక్కటి కూడా చెరపలేదు."

"జరుగు మరి" అని నా కుర్చీలో కూర్చున్నారు.

శనివారం, ఆదివారం, సోమవారం మధ్యాహ్నం దాకా. రెండు వందల పది. నన్ను ఒక్క గీత కూడా గియ్యనివ్వలేదు. మొదటి ఇరవై కొలిచేసరికే పూటంతా అయిపోయింది. అంచు ఎక్కడుందో తెలియక, దగ్గరికి లాగి, దూరం జరిపి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, దగ్గి, మళ్ళీ పెట్టుకుని, ఈ చుక్క దగ్గర నొక్కాలా ఆ చుక్క దగ్గరా అని తనతో తనే వాదించుకుంటుంటే పక్కన కూర్చున్న నాకు ఆమె చేతిలోంచి మౌస్ లాక్కోవాలనిపించేది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో నేను చేసిన కష్టమైన పని అదే. ఆదివారం మధ్యాహ్నానికి ఆమె ఒక పద్ధతి కనిపెట్టారు. ప్రతి రేణువునీ ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కొలిచి సగటు తీయడం. అది నాకు తట్టలేదు. అన్న ముందు గదిలోని మంచి ఫ్యాను విప్పి తెచ్చి మా గదిలో బిగించాడు.

సోమవారం పన్నెండింటికి కొత్త పట్టిక వచ్చింది. మూడు చోట్లా ముప్పై ఎనిమిదే. దశాంశం చుక్క తర్వాత అంకె అటూ ఇటూ, అంతే. ఎల్‌.బి.నగర్ గన్నేరు ఎంత పొగ మింగినా ఇసుమంత కూడా ఉబ్బలేదు.

మేడం గైడు సార్‌కి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. "కొలతల్ల తప్పొచ్చింది సార్. నేను మళ్ళ కొలిచిన. తేడా లేదు" అన్నారు. అవతల ఆయన ఏదో గట్టిగా అన్నారు. ఆమె వింటూ ఉన్నారు. నా పేరు చెబుతారేమో, చెప్పినా న్యాయమే అనుకున్నాను. చెప్పలేదు. "రేపటి వరకు చివరి చాప్టర్ మార్చి రాస్త సార్" అని పెట్టేశారు. మంగళవారం కూడా కాలేజీకి సెలవు పెట్టి, మూడు వారాలు రాసిన అధ్యాయం కొట్టేసి, ఆరు పేజీల్లో కొత్తది రాశారు. కొలత పద్ధతి గురించి ఒక పేజీ అదనంగా పెట్టారు, ఏ ఫోటోకైనా ముందు కొలత తీయాలి, ఆ తర్వాతే వెలుగులూ నీడలూ అని. కృతజ్ఞతల్లో నా వాక్యం తీసెయ్యమని నేనే అడిగాను. 'ఈ కొలతలు తీసిన' అనే ముక్క మాత్రం తీసి, మిగతాది ఉంచారు. బుధవారం సాయంత్రం గడువు ముగిసే ముందు పుస్తకాలు ఇచ్చేశారు.

కొన్ని నెలలకి వైవా పెట్టారు. ఎవరైనా వచ్చి వినవచ్చట, నన్ను రమ్మన్నారు. నేను మంచి చీర కట్టుకుని వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాను. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్, తెల్లజుట్టు ఆయన. మేడం చెప్పిందంతా విని, ఇంగ్లీషులో అడిగిన మొదటి ప్రశ్నే గుండెల మీద గుద్దినట్టుంది. ఎనిమిదేళ్ళు పనిచేసి ఏమీ కాలేదని చెప్పడానికి వచ్చారా అని. ఏమీ కాలేదన్నది కూడా కొలిచాకే తెలుస్తుంది సార్ అని మేడం జవాబు చెప్పారు. ఆయన తల ఎత్తలేదు. పేజీలు తిప్పుతూ, ఈ కొలతలు మీరే తీశారా అన్నారు.

సోమవారం బైండింగుకి ఆ పాత పట్టికే వెళ్ళి ఉంటే ఇవాళ ఈ ప్రశ్న ఇలాగే వచ్చేది. మేడంకి అబద్ధం చెప్పడం రాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్టూడియో అమ్మాయి తీసిందని చెప్పేసేవారు, అక్కడితో అంతా అయిపోయేది.

"నేనే తీశాను సార్. మొదటిసారి నేను తియ్యలేదు, తప్పు వచ్చింది. రెండోసారి మొత్తం నేనే తీశాను" అని ఇంగ్లీషులో చెప్పారు మేడం.

ఆయన ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పారు. పట్టికలో వేలు పెట్టి నూట నలభై ఏడో ఫోటో తెరవమన్నారు. కొలిచి చూపించమన్నారు. మేడం ఫోటో తెరిచారు. దగ్గరికి లాగారు. కళ్ళజోడు తుడుచుకోలేదు, తనతో తను వాదించుకోలేదు. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. అంకె వచ్చింది. ఆయన పట్టికలో చూసుకుని, ఇంకోటి అడిగారు. అదీ గీశారు. చుక్క తర్వాత అంకె ఒకటి తేడా వచ్చింది. మనిషి చెయ్యి అన్నాక ఆ మాత్రం ఉంటుందని ఆయనే అని, మొదటిసారి నవ్వారు. అందర్నీ బయటికి పంపి, అరగంట తర్వాత లోపలికి పిలిచి, డాక్టర్ అని సంబోధిస్తూ చెయ్యి కలిపారు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమే, కానీ అందులో ఉక్రోషం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. నేను పక్కన లేకుండానే ఆ గీత సరిగ్గా పడింది.

వరండాలో టీ తాగుతుండగా, "మేడం, ఆ మూడు మైక్రాన్లు నిజంగా వచ్చి ఉంటే ఇంకా పెద్ద పేరు వచ్చేది మీకు" అన్నాను.

"వచ్చేది. ఏం చేస్తం, రాలే" అన్నారు. తర్వాత కొంచెంసేపు టీ చల్లార్చుకుని, "ఎనిమిదేండ్లు గా డివైడర్ మీద నిలవడి పొగంత మింగితిని. పువ్వుకు ఏం కాలే. నాకు మాత్రం గిది ఒచ్చింది చూడు" అని సంచీలోంచి ఇన్‌హేలర్ తీసి చూపించి నవ్వారు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. ఒక పట్టాన ఆగలేదు.

ఆ దగ్గు నేను మొదటి రోజు నుంచీ వింటూనే ఉన్నాను. ఆ మూడు రోజులూ పక్కనే కూర్చుని విన్నాను, మౌస్ కదిలిపోతోందని విసుక్కున్నాను కూడా. ఎందుకొస్తోందని ఒక్కసారీ అడగలేదు. నేను ఆమె చేతిలోంచి టీ గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టాను. దగ్గు తగ్గేదాకా ఆమె వీపు రాస్తూ అక్కడే నిలబడ్డాను.